డిగ్రీ చదువుతూ ఆరోగ్య అసమానతల పరిశోధనలో చేరితే: ఫారం పట్టుకున్న మనిషి పని

మీ ప్రశ్నను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు హైదరాబాద్‌లో బీఎస్సీ న్యూట్రిషన్ రెండో ఏడు చదువుతున్నారు. మీ సొంత ప్రాంతమైన పాలమూరు వైపు పల్లెల్లో గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఏ ఇళ్ళ ఆడవాళ్ళకు ఎక్కువ జరుగుతున్నాయో, ఎందుకు జరుగుతున్నాయో చూసే ప్రాజెక్టులో రీసెర్చ్ అసిస్టెంటుగా రమ్మని మీ మేడమ్ అడిగారు. డిగ్రీ పిల్లలకు అక్కడ ఫారాలు నింపడం తప్ప ఏం పని ఉంటుంది, చేరాలా వద్దా, చేరే ముందు ఏం అడగాలి, రేపు అమెరికాలో పై చదువుకు పనికొస్తుందా, పరీక్షలతో ఎలా కుదురుతుంది అన్నవి మీ సందేహాలు.

చేరండి. కొన్ని విషయాలు ముందే మాట్లాడుకుని చేరండి, అవి కింద రాస్తాను. నేను సామాజిక వైద్య విభాగంలో చదివి, చాలా ఏళ్ళుగా మీలాంటి విద్యార్థులతోనే పల్లెల్లో సర్వేలు నడుపుతున్నాను. "ఫారాలు నింపడం తప్ప" అన్నారు చూడండి, ఈ రకం పరిశోధన నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు ఆ ఫారం దగ్గరే తేలిపోతుంది. వైద్యం అందక నష్టపోయిన మనిషే మన జాబితాలోంచి కూడా ముందు జారిపోతుంది. ఆమె జారిపోవడాన్ని కళ్ళారా చూసేది గుమ్మం ముందు నిలబడ్డ మీరు. కంప్యూటర్ ముందు కూర్చున్న నాలాంటివాళ్ళకు అది ఒక ఖాళీ గడిగా మాత్రమే కనిపిస్తుంది. ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో మీరు రాస్తే ఉంటుంది, లేకపోతే లేదు.

తాళం వేసిన ఇళ్ళ సంగతితో మొదలుపెడతాను. శాంపిల్‌లో ఒక ఇల్లు వచ్చింది. ఉదయం పదింటికి వెళ్ళారు, తాళం. మర్నాడు అదే వేళకు వెళ్ళారు, మళ్ళీ తాళం. సాయంత్రంలోగా ఇన్ని ఇళ్ళు పూర్తి చేయాలని సూపర్‌వైజర్ అంటారు. పక్కింట్లో అమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది, పలకరిస్తే ఆప్యాయంగా మాట్లాడుతోంది. ఆమెను అడిగేసి ముందుకు వెళ్ళాలని ఎవరికైనా అనిపిస్తుంది. వెళ్ళకూడదు. పగలు పదింటికి ఇంటి దగ్గర ఉండగలిగిన ఆడమనిషికి, పొద్దున్నే ఆటో ఎక్కి పత్తి ఏరడానికి వెళ్ళిన ఆడమనిషికి మధ్య ఉన్న తేడాయే మీ పరిశోధన వస్తువు. ఒకరి బదులు ఇంకొకరిని తీసుకుంటే, వెతకడానికి వచ్చిన దాన్ని మీ చేతులతోనే చెరిపేసినట్టు.

సర్వేల్లో మామూలుగా పాటించే పద్ధతి, వేర్వేరు వేళల్లో కనీసం మూడుసార్లు వెళ్ళి చూడడం. తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి వెళితే చాలా తాళాలు తీసి ఉంటాయి. అయినా తీయని ఇళ్ళకు "తాళం" అని కోడ్ వేసి ఊరుకోకండి, పక్కవాళ్ళను అడిగి కారణం రాయండి. పాలమూరులో ఆ కారణం చాలాసార్లు వలస. ముంబైకో పుణెకో పోయి ఉంటారు, ముసలివాళ్ళను, బడికి వెళ్ళే పిల్లలను వదిలి. దీనికి రెండో వైపు కూడా ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల, పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల్లో ఒడిశా బలంగీర్ ప్రాంతపు కుటుంబాలు నెలల తరబడి ఉంటాయి. మనం ఊరి జాబితా ప్రకారం ఇళ్ళు ఎంచుకుంటే ఆ బట్టీలు జాబితాలోనే ఉండవు. సొంతూరి సర్వేలో వాళ్ళది తాళం వేసిన ఇల్లు, ఇక్కడి సర్వేలో లేని ఇల్లు. ఇంటి నంబర్లు వేసే రోజుల్లో ఊరి చివరి గుడిసెలు, బట్టీలు, కోళ్ళ ఫారాల్లో కాపురం ఉండేవాళ్ళు లెక్కలోకి వచ్చారా అని అడగగలిగేది మీరే. అడగండి.

ఇప్పుడు అసమానత అంటే ఏమిటో కాస్త. సగటు బాగుంటే అంతా బాగున్నట్టు అనిపిస్తుంది. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 ఉంటే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. గర్వించదగిన అంకెలే. కానీ ఆసిఫాబాద్ గుట్టల మీది కోలాం గూడెంలో, పాడేరు ఏజెన్సీలో వాగు పొంగిన రోజు నొప్పులు వచ్చిన తల్లి ఈ 43లో, 45లో ఎక్కడుందో ఆ అంకె చెప్పదు. తేడాలన్నీ అసమానతలూ కావు. ముసలివాళ్ళకు పడుచువాళ్ళకన్నా కీళ్ళనొప్పులు ఎక్కువ ఉండడం తేడా. తప్పించడానికి వీలుండీ తప్పించనిది, న్యాయం కానిది అయినప్పుడే దాన్ని అసమానత అంటాం. మార్గరెట్ వైట్‌హెడ్ 1990ల మొదట్లో చెప్పిన ఈ గీతనే ఇప్పటికీ అందరం వాడుతున్నాం.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు పేదవాళ్ళకు వైద్యం తక్కువ అందుతుందని, అదే అసమానత అని అనుకుంటారు. 1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వేల్స్ డాక్టరు, వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ దొరుకుతుందని రాశాడు. అది నిజమే. మీ ప్రాజెక్టు విషయం దానికన్నా చిక్కైనది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, అంటే 2019-21లో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. దేశంలో అందరికన్నా మన రెండు రాష్ట్రాలే ముందు. ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. చదువు లేని, పల్లెల్లో ఉండే ఆడవాళ్ళలోనే ఎక్కువ. వాళ్ళకు వైద్యం అందలేదని ఎలా అంటాం? అవసరమైన చిన్న వైద్యం అందలేదు, అవసరం లేని పెద్ద ఆపరేషన్ అందింది.

అక్కడికి ఎలా చేరుతున్నారో మీరు పల్లెలో వింటారు. పెళ్ళి చిన్నప్పుడే అవుతుంది, ఇద్దరు పిల్లలు కాగానే ఆపరేషన్. ఆ సర్వేలోనే పెళ్ళయిన ఆడవాళ్ళలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం. ఆ తర్వాత తెల్లబట్టో, ఎక్కువ రక్తస్రావమో, నడుము నొప్పో మొదలవుతుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ పట్నం ఆసుపత్రికి తీసుకెళతాడు. స్కానింగ్ చేసి, ఉంచుకుంటే క్యాన్సర్ కావచ్చు అంటారు. పిల్లలు పుట్టడం అయిపోయింది కదా, ఇంక దానితో పనేముంది అని ఇంట్లోవాళ్ళు అంటారు. నెలలో నాలుగు రోజుల కూలి పోవడం ఆమెకూ భారమే. ఇందులో ఎవరూ ఆమెను కట్టేసి తీసుకెళ్ళలేదు. అయినా ఆ నిర్ణయంలో ఆమె చేతిలో ఉన్నది ఎంత? మందులతో తగ్గే జబ్బుకు మందు ఇచ్చే చోటు ఎంత దూరంలో ఉంది? అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ళకే ఎముకలు, గుండె దెబ్బతినే ప్రమాదం ఉందని ఎవరైనా చెప్పారా? 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల కేసులో, ఇలాంటివాటి మీద నిఘాకు కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని చెప్పింది. అక్కడిదాకా రావడానికి ముందు ఎవరో ఊరూరా తిరిగి అడిగి రాసుకున్నారు.

ఆపరేషన్ల మాట వచ్చింది కాబట్టి సిజేరియన్ల లెక్క కూడా చూసి పెట్టుకోండి, మీకు పనికొస్తుంది. అదే సర్వేలో తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో 60కి పైగా సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81కి పైగా, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44కి పైగా. దేశం సగటు 21 చిల్లర.

ఇక ఫారంలో నాకు అన్నిటికన్నా భయం పుట్టించే గడి గురించి. కులం గడి. సర్వేల్లో సాధారణంగా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఇవేవీ కాదు అన్న నాలుగు జవాబులుంటాయి. ఎస్టీ అని టిక్కు పెడితే మైదానంలో, రోడ్డు పక్క తండాలో ఉండే లంబాడా కుటుంబం, నల్లమల అడవిలో పెంట అనే చిన్న గూడెంలో ఉండే చెంచు కుటుంబం ఒకే గడిలోకి వస్తాయి. ఇద్దరూ కష్టాల్లోనే ఉండొచ్చు, ఆ కష్టాలు వేరు. చెంచులు, కోలాములు, తోటీలు, కొండరెడ్లు ప్రభుత్వమే అత్యంత వెనుకబడిన ఆదిమ గిరిజన సమూహాలుగా గుర్తించినవాళ్ళు. వాళ్ళ సంఖ్య తక్కువ కాబట్టి ఎస్టీ సగటులో మునిగిపోతారు. మాల, మాదిగ, ఉపకులాలన్నీ ఎస్సీ అన్న ఒక్క గడిలో, బీసీల్లోని ఏ, బీ, సీ, డీ, ఈ గ్రూపులన్నీ ఓబీసీ అన్న ఒక్క గడిలో పడతాయి. సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో ఎస్సీ వర్గీకరణకు దారి ఇచ్చాక, తెలంగాణ 2025 ఏప్రిల్‌లో దాన్ని అమల్లోకి తెచ్చాక కూడా మన ఆరోగ్య ఫారాలు చాలావరకు పాత గడులతోనే ఉన్నాయి.

అందుకని మీ ప్రాజెక్టు ఫారంలో నాలుగు గడులే ఉంటే, పక్కన కులం లేదా తెగ పేరు వాళ్ళ మాటల్లోనే రాసే చోటు పెట్టమని మీ మేడమ్‌ను మొదటి వారంలోనే అడగండి. ప్రశ్నాపత్రానికి అనుమతులు వచ్చేశాక మార్చడం కష్టం. రెండో సంవత్సరం అమ్మాయి అడగొచ్చా అని అనుకోకండి. అడిగిన తీరు మర్యాదగా ఉంటే మంచి పరిశోధకులు సంతోషిస్తారు. అడిగే తీరు ఇంటివాళ్ళ దగ్గరా ముఖ్యమే. ఇంటిని చూసో, పేటను చూసో ఊహించి టిక్కు పెట్టకండి. కులం ఎందుకు అడుగుతున్నారో ఒక వాక్యంలో చెప్పి, చెప్పడం ఇష్టం లేకపోతే ఫరవాలేదని చెప్పి అడగండి. నలుగురూ వింటుండగా అసలు అడగవద్దు.

అనుమతి పత్రం గురించి మన నేల మీదే జరిగిన ఒక సంగతి ప్రతి రీసెర్చ్ అసిస్టెంటుకూ తెలిసి ఉండాలి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ఒక అధ్యయనం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. గుజరాత్‌లో వడోదరలోనూ ఇలాగే. ఇక్కడి పిల్లల్లో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని విచారణ కమిటీ తేల్చింది. కానీ అనుమతి పత్రాలు తీసి చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లో హెడ్మాస్టర్లో సంతకాలు పెట్టి ఉన్నాయి. అమ్మానాన్నల సంతకాలు కావు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

హెచ్‌పీవీ టీకా మంచిదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడేది, మన ఆడపిల్లలకు అందాల్సినది. అలాంటి టీకా మీద అనుమానం పెరగడానికి ఆ సంతకాలూ ఒక కారణం అయ్యాయంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ 2,763 పత్రాల్లో ప్రతి ఒక్కటీ ఎవరో ఒక చిన్న ఉద్యోగి చేతుల మీదుగానే వెళ్ళి ఉంటుంది. ఆ చేతులు ఆగి ఉండాల్సింది.

వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాల్లో ఇది స్పష్టంగా ఉంది. ఊరి పెద్దో, హాస్టల్ వార్డెనో, సర్పంచో సరే అన్నంత మాత్రాన ఆ మనిషి అనుమతి వచ్చినట్టు కాదు. 18 ఏళ్ళ లోపువాళ్ళయితే తల్లిదండ్రుల అనుమతి కావాలి. దానితోపాటు 7 నుంచి 12 ఏళ్ళ పిల్లలైతే నోటిమాటగా, ఆపై వయసువాళ్ళయితే రాతపూర్వకంగా వాళ్ళ ఇష్టమూ తెలుసుకోవాలి. చదువు రానివాళ్ళు వేలిముద్ర వేస్తే, మీ ప్రాజెక్టుకు సంబంధం లేని, చదవడం వచ్చిన సాక్షి ఒకరు ఉండాలి. మీరు పత్రం గడగడా చదివి "ఇక్కడ వేలిముద్ర వేయండమ్మా" అంటే అది అనుమతి కింద లెక్క కాదు. చదివాక, "నేను ఎందుకు వచ్చానో, మీరు వద్దంటే ఏమవుతుందో మీ మాటల్లో ఒకసారి చెప్పండి" అని అడిగి చూడండి. "చెప్పకపోతే పింఛను ఆపేస్తారేమో" అన్న జవాబు వస్తే మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. ఈ అపోహ చాలా ఊళ్ళలో ఉంటుంది, ఎందుకంటే ట్యాబ్ పట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ వాళ్ళకు ప్రభుత్వమే.

పక్కన ఎవరు కూర్చున్నారన్నది కూడా జవాబులో భాగమే. ఆశా కార్యకర్త లేకుండా ఊళ్ళోకి వెళ్ళడం కష్టం, వెళ్ళకూడదు కూడా. ఆమెకు ప్రతి గడపా తెలుసు. కానీ ప్రభుత్వాసుపత్రికి ఎందుకు వెళ్ళలేదని ఆమె ముందే అడిగితే నిజం ఎవరు చెబుతారు? పరిచయం చేసి వెళ్ళమని ముందే మంచిగా మాట్లాడుకోండి. అత్తగారు పక్కనుంటే కోడలు ఒక రకంగా చెబుతుంది, భర్త వస్తే మాటే ఆగిపోతుంది. ఆర్‌ఎంపీ ఇల్లు అదే వీధిలో ఉంటే గొంతు తగ్గుతుంది. గర్భసంచి ప్రశ్నలు పెరట్లోనో, పొయ్యి దగ్గరో, ఇద్దరే ఉన్నప్పుడు అడగాలి. వీలు కాకపోతే ఆ ప్రశ్నలు వదిలేసి, ఏకాంతం దొరకలేదని నమోదు చేయండి. ఆ నమోదు కూడా ఒక సమాచారమే, ఏ ఇళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాల ఏకాంతం కూడా లేదో అదే చెబుతుంది. చెంచు, కోయ, గోండు, లంబాడా ఇళ్ళకు వెళితే ఆ భాష వచ్చిన ఆడమనిషిని వెంట తీసుకెళ్ళండి. బడికి వెళ్ళే కూతురి చేత తల్లి శరీరం గురించి అడిగించకండి.

మీరు సాయం చేయగలరని ఆశపడేవాళ్ళు కనిపిస్తారు. ఆరోగ్యశ్రీలో ఇది వస్తుందా, మా ఆయనకు డయాలసిస్ ఎక్కడ చేయించాలి అని అడుగుతారు. మీరు డాక్టరు కాదు, సలహా ఇవ్వకూడదు. అలాగని చేతులు దులుపుకుని రావడమూ తప్పే. మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రిలో గైనకాలజిస్టు ఉండే రోజులు, ఆరోగ్యమిత్ర ఎక్కడ దొరుకుతారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ప్రతి ఇంట్లో ఇచ్చేలా మీ బృందాన్ని ఒప్పించండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల మీద ఏళ్ళ తరబడి ఎన్నో బృందాలు వచ్చి రక్తం, నీళ్ళు పట్టుకెళ్ళాయి. ఫలితం ఏమిటో మాకెవరూ చెప్పలేదన్నది అక్కడ పదే పదే వినిపించే మాట. మీ ప్రాజెక్టు ఫలితాలు ఆ ఊళ్ళకు తిరిగి వెళ్ళి చెప్పే ఏర్పాటు, దానికి బడ్జెట్ ఉన్నాయా అని అడగండి. ఊరివాళ్ళు ఆ సంగతి ముందు మిమ్మల్నే అడుగుతారు.

ఆఫీసు పని గురించి క్లుప్తంగా. ఇంటర్వ్యూల ఆడియోలు విని అక్షరాల్లో పెట్టే పని మీకు కచ్చితంగా వస్తుంది. గంట ఆడియోకు ఒక రోజు పడుతుంది, మొదట్లో ఇంకా ఎక్కువ. ఆమె మాట్లాడిన యాసలోనే రాయండి. పుస్తకాల తెలుగులోకి దిద్దకండి, ఆగిన చోట ఆగిందని రాయండి. పేర్లు, ఊళ్ళు, ఆసుపత్రుల పేర్లు తీసేసి కోడ్‌లు పెట్టండి. ఆడియో ఫైళ్ళు మీ సొంత ఫోన్‌లో, వాట్సాప్‌లో ఉండకూడదు.

అంకెల పని నేర్చుకోవాలంటే ప్రాజెక్టు మొదలయ్యేదాకా ఆగనక్కర్లేదు. కుటుంబ ఆరోగ్య సర్వే విడి రికార్డులను, ఏం పనికో రాసి నమోదు చేసుకున్న విద్యార్థులకు కూడా ఇస్తూ వచ్చారు. మీ మేడమ్ పేరు మీద అడగడం తేలిక. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. మూడు చోట్ల కొత్తవాళ్ళు తడబడతారు. మొదటిది, వెయిట్లు, అంటే ఒక్కో జవాబు ఎంతమందికి ప్రతినిధో చెప్పే సంఖ్యలు, పెట్టకుండా శాతాలు తీయడం. ఆ ఫైళ్ళలో వెయిట్ గడిని 10 లక్షలతో భాగించి వాడాలి. రెండోది, సంపద వర్గాలు. ఇంట్లో ఫ్రిజ్, టీవీ, మరుగుదొడ్డి, గోడలు, వంట చెరకు లాంటివి కలిపి ఇంటికి మార్కులు వేసి, వాటి ప్రకారం దేశంలోని జనాన్ని అయిదు సమాన భాగాలు చేస్తారు. దేశం కొలతలో మన రాష్ట్రాలవాళ్ళు అట్టడుగు భాగంలో తక్కువమందే పడతారు. తెలంగాణ "అతి పేదలు" అని మీరు టేబుల్ గీస్తే అందులో ఉన్నది కొద్దిమందే అయి ఉండొచ్చు, ఎంతమందో ముందు చూడండి. మూడోది ఖాళీ గడులు. "తెలియదు", "చెప్పలేదు", "అడగలేదు" ఈ మూడూ ఒకటి కాదు. మూడింటినీ కలిపి తీసేసి మిగిలినవాళ్ళ సగటు కడితే, తాళం వేసిన ఇంటిని వదిలేసినంత పనే కంప్యూటర్‌లోనూ జరుగుతుంది. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో పెట్టిన ఆరోగ్య పరిశోధన ప్రాథమికాల కోర్సు ఉచితం, బాగుంటుంది. దానితో మొదలుపెట్టండి.

చేరే ముందు మాట్లాడుకోవాల్సినవి. డబ్బు సంగతి మొహమాటం లేకుండా అడగండి. స్టైపెండ్ ఎంత, బస్సు ఛార్జీలు, భోజనం ఎవరిది, ఎప్పుడు ఇస్తారు. జీతం లేకుండా అనుభవం కోసం చేయమంటే, అలా చేయగలిగేది ఇంట్లో డబ్బున్న పిల్లలే. అసమానతల మీద పరిశోధన చేసే బృందంలోకి పేదింటి పిల్లలు రాలేకపోతే అది నాకు చాలా పెద్ద లోపం. మీకు అవసరం లేకపోయినా మీ తర్వాత వచ్చేవాళ్ళ కోసం అడగండి. రాత్రి వేళ ఇళ్ళకు వెళ్ళాలంటే ఇద్దరుగా వెళ్ళే ఏర్పాటు, వాహనం, ఊళ్ళో ఉండే చోటు ఉన్నాయా? నైతిక కమిటీ అనుమతి వచ్చిందా? రాకుండా ఒక్క ఇంటికి కూడా వెళ్ళకండి. పేపర్‌లో పేరు విషయం కూడా మొదట్లోనే తేల్చుకోవాలి. అంతర్జాతీయంగా వైద్య పత్రికలు పాటించే నియమం ప్రకారం రచయిత కావాలంటే నాలుగు షరతులు పూర్తి కావాలి. ఆలోచనలోనో, సమాచార సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో పాలు, తుదిప్రతికి ఆమోదం, ఆ పనికి జవాబుదారీ. డేటా సేకరించినంత మాత్రాన పేరు రాదు, కృతజ్ఞతల్లో వస్తుంది. రాతలో పాలుపంచుకునే అవకాశం ఇస్తారా అని అడగడం మీ హక్కు. డబ్బు తీసుకుని పేపర్లో పేరు వేయిస్తామని వచ్చేవాళ్ళు కూడా కనిపిస్తారు, వాళ్ళకు జవాబే ఇవ్వకండి.

ఇలాంటి పిలుపు రానివాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకోసం కొంచెం. ప్రతి మెడికల్ కాలేజీలో సామాజిక వైద్య విభాగం ఉంటుంది. ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకు వైద్య పరిశోధన మండలి 1979 నుంచి రెండు నెలల విద్యార్థి పరిశోధన పథకం నడుపుతోంది. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దాని పాత పని ఒకటి చూడండి. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గర 29 ఊళ్ళలో, కొన్ని ఊళ్ళ గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు పోషకాహారం అంది, మిగతావాటికి అందని పరిస్థితిని గమనించారు. ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా వెతికి పట్టుకుని పరీక్షించారు. ఏపీక్యాప్స్ అనే ఆ అధ్యయనం నుంచి ఇప్పటికీ పేపర్లు వస్తున్నాయి. ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996-2000లో హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో 10,293 మంది కళ్ళు పరీక్షించిన అధ్యయనమూ అలాంటిదే. ఒక నగరం, ఒక కలిగిన పల్లె ప్రాంతం, రెండు పేద ప్రాంతాలు అని ఎంచుకోవడంలోనే వాళ్ళు ఏం వెతుకుతున్నారో తెలుస్తుంది. ఇలాంటి బృందాలకు ఉత్తరం రాసేటప్పుడు, వాళ్ళ పేపరు ఒకటి చదివి, అందులో మీకొచ్చిన ఒక ప్రశ్న రాయండి. నాలాంటివాళ్ళకు రోజూ వచ్చే ఉత్తరాల్లో ఆ ఒక్కటీ ఉన్నవి చాలా తక్కువ, వాటికి జవాబు రాయకుండా ఉండలేం.

అమెరికా సంగతి. పనికొస్తుంది. అక్కడ ప్రజారోగ్యం కోర్సుల్లో చేరేటప్పుడు ఎన్ని ప్రాజెక్టుల్లో ఉన్నారన్నదాని కన్నా, ఒకదానిలో మీరు ఏం చూశారు, ఏం మార్చమన్నారు అన్నది బలంగా నిలుస్తుంది. అక్కడికి వెళ్ళాక కులం గడి స్థానంలో జాతి గడి కనిపిస్తుంది. చైనా, వియత్నాం, ఫిలిప్పీన్స్, భారతదేశం నుంచి వెళ్ళినవాళ్ళంతా "ఏషియన్" అన్న ఒకే గడిలో ఏళ్ళ తరబడి ఉన్నారు. మన దక్షిణాసియావాళ్ళకు చిన్న వయసులో వచ్చే షుగరు, గుండెజబ్బులు ఆ సగటులో కనబడకుండా పోయాయి. 2024 మార్చిలో అక్కడి ప్రభుత్వం ప్రమాణాలను మార్చి, భారతీయులు, చైనీయులు అని విడివిడిగా నమోదు చేయాలని చెప్పింది. చెంచును, లంబాడాను వేరుగా రాయమని ఇక్కడ అడిగిన అమ్మాయికి అక్కడి చర్చ మొదటి రోజునే అర్థమవుతుంది.

పరీక్షల గురించి చివర్లో అడిగారు. ఇళ్ళ జాబితా తయారీ, శిక్షణ రోజులు మాత్రం తప్పించుకోకండి. మిగతా పని సెమిస్టర్ పరీక్షల తర్వాత పెట్టుకోవచ్చని మీ మేడమ్‌తో ముందే రాతపూర్వకంగా అనుకోండి. ఏ బృందానికైనా పరీక్షలు అర్థమవుతాయి. పత్తి ఏరుడు రోజులు మాత్రం పట్టిక వేసేటప్పుడే చూసుకోవాలి. ఆ వారాల్లో సర్వే పెడితే సగం ఊరు చేలల్లోనే ఉంటుంది. మీది ఆ ప్రాంతమే అన్నారు కాబట్టి, ఏ ఊళ్ళో ఎప్పుడు ఏరతారో మీ ఇంట్లో అడిగి, ఆ తేదీలు మొదటి సమావేశానికి పట్టుకెళ్ళండి.